ప్రాజెక్ట్ ఓపెన్ అయింది, సౌండ్ ఏది? ప్రీసెట్లు పోకుండా దాచుకోవడం ఎలా

యమహా డీఎక్స్7 సింథసైజర్ 1983లో వచ్చింది. దాని బ్యాంక్‌లో 32 సౌండ్లు, ఒక్కో సౌండ్‌కి 128 బైట్లు. మొత్తం కలిపి 4,096 బైట్లు. మనం వాట్సాప్‌లో పంపే ఒక్క స్టిక్కర్ దీనికంటే పెద్దది! ఆ రోజుల్లో ఎవరో సేవ్ చేసుకున్న బ్యాంక్ ఫైల్‌ని ఇప్పుడు డెక్స్‌డ్ అనే ఫ్రీ ప్లగిన్‌లో లోడ్ చేస్తే 32 పేర్లూ లిస్టులో కనిపిస్తాయి. ఏది నొక్కితే అది మోగుతుంది. నలభై ఏళ్లు దాటినా సరే.

మరి మీరు రెండేళ్ల క్రితం చేసిన బీట్ సంగతేంటి? ప్రాజెక్ట్ ఫైల్ ఓపెన్ అవుతుంది. ట్రాకులన్నీ రంగురంగుల్లో కనిపిస్తాయి. ప్లే నొక్కితే డ్రమ్స్ ఒక్కటే వినిపిస్తాయి. పైన "ప్లగిన్ దొరకలేదు", "శాంపిల్స్ మిస్సింగ్" అంటూ రెండు మూడు మెసేజ్‌లు. ఈక్వలైజర్ ఎలా వాడాలి, కంప్రెసర్ ఎలా పెట్టాలి అని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. కష్టపడి తయారు చేసుకున్న సౌండ్‌ని ఎక్కడ, ఏ ఫార్మాట్‌లో దాచుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆ సంగతే ఇక్కడ మాట్లాడుకుందాం.

ప్రీసెట్‌లో అసలు ఏముంటుంది?

మన దగ్గర ఆర్కెస్ట్రా కీబోర్డ్ ప్లేయర్లు ప్రీసెట్ అనరు, టోన్ అంటారు. "అన్నా, ఆ టోన్ పెన్‌డ్రైవ్‌లో వేసివ్వవా" అని అడుగుతారు. అది వింటే టోన్ అంటే ఒక ఆడియో ఫైల్ లాంటిది అనిపిస్తుంది. సింథ్ ప్రీసెట్‌లో అయితే చాలాసార్లు శబ్దమే ఉండదు. ఏ నాబ్ ఎక్కడ ఉంది అనే లెక్క మాత్రమే ఉంటుంది.

1970లో మినీమూగ్ వచ్చినప్పుడు దానికి మెమరీ లేదు. ప్యానెల్ బొమ్మ ముద్రించిన కాగితం మీద, ఏ నాబ్ ఎంత తిప్పారో పెన్నుతో గీసుకునేవాళ్లు. మరుసటి రోజు ఆ కాగితం చూసి అన్నీ మళ్లీ తిప్పుకోవాలి. 1978లో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ ప్రాఫెట్-5 తెచ్చింది. దాన్ని డిజైన్ చేసిన డేవ్ స్మిత్ లోపల మైక్రోప్రాసెసర్ పెట్టి 40 సౌండ్లు గుర్తుండేలా చేశారు. కాగితం మీది లెక్క చిప్‌లోకి వెళ్లింది, అంతే. ఇప్పుడు మన ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రీసెట్ కూడా అదే లెక్క.

నమ్మకం లేకపోతే చిన్న ప్రయోగం చేయండి. 2020లో వచ్చిన వైటల్ సింథ్‌కి ఫ్రీ వెర్షన్ ఉంది. అందులో ఒక సౌండ్ సేవ్ చేసి, ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అది జేసన్! ఆసిలేటర్ లెవెల్ ఎంత, ఫిల్టర్ కటాఫ్ ఎంత, ప్రీసెట్ రాసిందెవరు, కామెంట్ ఏంటి, అన్నీ మామూలు టెక్స్ట్‌లో కనిపిస్తాయి. వేవ్‌టేబుల్ డేటా కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క ఫైల్ ఇంకొకరికి పంపినా పని చేస్తుంది. ఏబుల్‌టన్ లైవ్ ప్రీసెట్లయితే జీజిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్. అన్‌జిప్ చేస్తే లోపల ఏముందో చదువుకోవచ్చు. కోడ్ రాసే అలవాటున్న నాకు ఇది చూసినప్పుడు భలే సరదా వేసింది.

డీఎక్స్7 బ్యాంక్ ఇన్నేళ్లు బతకడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆ 128 బైట్లకి బయట ఇంకే ఫైలూ అక్కర్లేదు. ఏ బైట్ దేనికో అందరికీ తెలుసు. అందుకే ఆ మెషీన్‌తో సంబంధం లేనివాళ్లు కూడా దాన్ని చదివే సాఫ్ట్‌వేర్ రాయగలిగారు. మన ప్రీసెట్లకి మాత్రం మూడు ఆధారాలు కావాలి. ఆ ప్లగిన్ ఇన్‌స్టాల్ అయి ఉండాలి, సరైన వెర్షన్ ఉండాలి, శాంపిల్స్ వాడి ఉంటే ఆ ఆడియో ఫైళ్లు పాత చోటే ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి జారినా ట్రాక్ సైలెంట్ అయిపోతుంది.

ప్రాజెక్ట్ సేవ్ చేశాం కదా, చాలదా?

కొంతవరకు చాలు. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్‌టన్, రీపర్, లాజిక్, క్యూబేస్ ఏది వాడినా, ప్రాజెక్ట్ సేవ్ చేసిన క్షణంలో ప్రతి ప్లగిన్ తన ప్రస్తుత సెట్టింగ్స్‌ని ఒక డేటా ముద్దగా ఇస్తుంది. అది ప్రాజెక్ట్ ఫైల్‌లోకి వెళ్తుంది. ప్రీసెట్‌గా విడిగా సేవ్ చేయకపోయినా, అదే ప్లగిన్ ఉన్నంత కాలం ఆ సౌండ్ తిరిగొస్తుంది.

చిక్కు ఏంటంటే ఆ ముద్దని ఆ ప్లగిన్ తప్ప ఇంకెవరూ చదవలేరు. ప్లగిన్ లేకపోతే ప్రాజెక్ట్‌లో దాని పేరున్న ఖాళీ గది మాత్రమే మిగులుతుంది. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా ఆపేసింది. దాంతో అప్పటిదాకా నడిచిన పాత ప్లగిన్లు చాలా మూలన పడ్డాయి. విండోస్‌లో ఇంకో తలనొప్పి ఉంది, వీఎస్‌టీ2 వర్సెస్ వీఎస్‌టీ3. ఒకే సింథ్‌కి రెండు రకాల ఫైళ్లు ఉంటాయి, చాలా సాఫ్ట్‌వేర్లు వాటిని రెండు వేర్వేరు ప్లగిన్లుగా చూస్తాయి. పాత పాట వీఎస్‌టీ2తో చేసి, కొత్త ల్యాప్‌టాప్‌లో వీఎస్‌టీ3 ఒక్కటే వేస్తే, సింథ్ కళ్ల ముందే ఉన్నా "దొరకలేదు" అనే మెసేజ్ రావచ్చు. వీఎస్‌టీని తయారు చేసిన స్టైన్‌బెర్గ్ 2018లోనే వీఎస్‌టీ2 డెవలపర్ కిట్ ఇవ్వడం ఆపేసింది. కాబట్టి ఇప్పుడు కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాళ్లు కళ్లు మూసుకుని వీఎస్‌టీ3 ఎంచుకోవచ్చు. పాత ప్రాజెక్ట్‌లున్న వాళ్లు మాత్రం పాత ఇన్‌స్టాలర్లు డిలీట్ చేయొద్దు.

వెర్షన్ సంగతి చూస్తే, సాధారణంగా పాత ప్రీసెట్ కొత్త వెర్షన్‌లో ఓపెన్ అవుతుంది, కొత్తది పాత వెర్షన్‌లో అవ్వదు. సీరమ్ 2 సీరమ్ 1 ప్రీసెట్లని తెరుస్తుంది. సీరమ్ 2లో సేవ్ చేసింది మాత్రం సీరమ్ 1కి అర్థం కాదు. కాంటాక్ట్‌లో కూడా అంతే. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఇన్‌స్ట్రుమెంట్‌ని పాత వెర్షన్ వాడే ఫ్రెండ్‌కి పంపితే అతని దగ్గర తెరుచుకోదు. ఇద్దరు ముగ్గురు కలిసి పాట చేస్తుంటే మొదటి రోజే ఎవరి దగ్గర ఏ వెర్షన్ ఉందో అడగండి.

క్రాక్ ప్లగిన్ల గురించి ఒక్క మాట. నీతులు చెప్పను. కానీ అప్‌డేట్ చేయలేని, మళ్లీ అదే కాపీ ఎక్కడ దొరుకుతుందో తెలియని సాఫ్ట్‌వేర్ మీద సొంత పాట కట్టుకోవడం ఇంజనీరింగ్‌గా చూసినా పిచ్చి పని. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ, డెక్స్‌డ్ ఫ్రీగా దొరుకుతున్నప్పుడు అసలు ఆ అవసరం ఎందుకు?

74 ఫైళ్ల హార్మోనియం

సింథ్ కంటే శాంప్లర్ దగ్గర నష్టం ఎక్కువ. మా రూమ్మేట్ విషయంలో జరిగింది చెప్తాను. వాడు షార్ట్ ఫిల్మ్స్‌కి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తాడు. వాళ్ల తాతగారు తెనాలి వైపు పద్య నాటకాల్లో హార్మోనియం వాయించేవారు. ఆయన పోయాక, ఆ పెట్టె ఇంకా పలుకుతున్నప్పుడే, వాడు ఒక సంక్రాంతి సెలవుల్లో ఒక్కో మెట్టూ రికార్డ్ చేశాడు. 37 మెట్లు, తిత్తి మెల్లగా కొడుతూ ఒకసారి, గట్టిగా కొడుతూ ఒకసారి. మొత్తం 74 వేవ్ ఫైళ్లు. వాటిని శాంప్లర్‌లో వేసి, తాతగారి పేరుతో ప్రీసెట్ సేవ్ చేశాడు. ప్రీసెట్ ఫోల్డర్ క్లౌడ్‌లో బ్యాకప్ అవుతోంది, ప్రాజెక్ట్‌లూ అవుతున్నాయి. అన్నీ భద్రంగా ఉన్నాయనే అనుకున్నాం.

తర్వాత ల్యాప్‌టాప్ సర్వీస్‌కి వెళ్లింది. ఎస్ఎస్‌డీ మార్చి, కొత్త విండోస్ వేసి ఇచ్చారు. అదే సమయంలో ఒక డైరెక్టర్ ఫోన్ చేసి, పాత ఫిల్మ్‌ని కొంచెం పొడిగిస్తున్నాం, అదే థీమ్ ఇంకో రెండు నిమిషాలు కావాలి అన్నాడు. ప్రాజెక్ట్ తెరిస్తే ప్రీసెట్ లోడ్ అయింది. అటాక్, రిలీజ్, ఫిల్టర్, రివర్బ్ అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్కనే 74 పేర్ల లిస్టు, ప్రతి పేరు ఎదురుగా మిస్సింగ్ అని. ప్రీసెట్ ఫైల్‌లో ఉన్నది "ఫలానా ఫోల్డర్‌లో ఫలానా వేవ్ ఫైల్‌ని ఈ మెట్టు మీద మోగించు" అనే అడ్రస్ మాత్రమే. ఆ ఫోల్డర్ పాత ఎస్ఎస్‌డీతో పోయింది. ఊళ్లో పెట్టె కూడా అప్పటికే పలకడం మానేసింది.

కొంత తిరిగొచ్చింది లెండి. ఆ ఫిల్మ్ మిక్సింగ్‌కి ఇచ్చేటప్పుడు ట్రాకులన్నీ విడివిడిగా వేవ్ ఫైళ్లుగా పంపాడు, వాటినే స్టెమ్స్ అంటారు. మిక్సింగ్ చేసినతను వాటిని ఉంచాడు. హార్మోనియం స్టెమ్‌లో, వెనుక స్వరం తోక తగలకుండా విడిగా పలికిన చోట్లన్నీ వెతికి, కత్తిరించి, 19 స్వరాలు బయటికి తీశాం. మిగతావి పక్క స్వరాన్ని పిచ్ మార్చి నింపాం. కింది స్థాయి మెట్లు ఆ థీమ్‌లో వాడలేదు కాబట్టి వాటికి అసలు ఆధారమే లేదు. అక్కడ వాయిస్తే ఇప్పుడు సాగదీసిన రబ్బరులా వినిపిస్తుంది.

ఈసారి మేం ఎస్ఎఫ్‌జెడ్ ఫార్మాట్ వాడాం. అది మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ వేవ్ ఫైల్, ఏ నోట్ నుంచి ఏ నోట్ వరకు, ఎంత గట్టిగా కొడితే ఏది పలకాలి అని లైన్లుగా రాస్తాం. శాంపిల్స్ అదే ఫోల్డర్ లోపల ఉంటాయి, అడ్రస్ కూడా ఆ ఫోల్డర్ నుంచే మొదలవుతుంది. అందుకే ఫోల్డర్‌ని ఎక్కడికి కాపీ చేసినా పని చేస్తుంది. ప్లోగ్ కంపెనీ సఫోర్జాండో అనే ఫ్రీ ప్లేయర్‌లో ఇది తెరుచుకుంటుంది. డీసెంట్ శాంప్లర్ కూడా ఫ్రీయే, దాని ప్రీసెట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది. సొంతంగా రికార్డ్ చేసిన డప్పు, డోలు, నాదస్వరం లాంటివి ఉంటే నేనైతే ముందు ఈ రెండింటిలో ఒకటి చూడమంటాను.

పెద్ద శాంప్లర్లలో కూడా దారి ఉంది, కాకపోతే అడగాలి. కాంటాక్ట్‌లో సేవ్ యాజ్ నొక్కితే మూడు ఆప్షన్లు కనిపిస్తాయి: ప్యాచ్ ఓన్లీ, ప్యాచ్ ప్లస్ శాంపిల్స్, మోనోలిత్. మొదటిది అడ్రస్‌లు మాత్రమే దాస్తుంది. రెండోది ఆడియోని పక్కనే కాపీ చేస్తుంది. మూడోది అన్నింటినీ ఒకే ఫైల్‌లో కుక్కుతుంది. సొంత రికార్డింగ్‌లకి రెండోదే నా ఓటు, ఎందుకంటే వేవ్ ఫైళ్లు వేవ్ ఫైళ్లుగానే మిగులుతాయి, రేపు ఇంకో శాంప్లర్‌లో వేసుకోవచ్చు. ఏబుల్‌టన్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్, ఎఫ్ఎల్ స్టూడియోలో ఎక్స్‌పోర్ట్ మెనూలోని జిప్డ్ లూప్ ప్యాకేజ్ పాటలో వాడిన శాంపిల్స్‌ని ఒకచోటికి చేరుస్తాయి. లాజిక్‌లో ప్రాజెక్ట్ సేవ్ చేసేటప్పుడు శాంప్లర్ ఆడియోని కూడా కాపీ చేయమని టిక్ పెట్టాలి. ఇవేవీ ప్లగిన్‌ని మాత్రం మోసుకెళ్లవు. అది మళ్లీ మనమే వేసుకోవాలి.

ఏ సేవ్ బటన్ నొక్కాలి?

ఒకే స్క్రీన్ మీద రెండు మూడు సేవ్ బటన్లు ఉంటాయి. ప్లగిన్ లోపల ఉన్నది ఒకటి, ప్లగిన్ విండో పైన మన సాఫ్ట్‌వేర్ పెట్టింది ఇంకొకటి. బయటి బటన్ నొక్కితే ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లో సేవ్ అవుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్ఎస్‌టీ, ఏబుల్‌టన్‌లో ఏడీవీ. రేపు మీరు ఎఫ్ఎల్ వదిలి ఏబుల్‌టన్‌కి మారితే ఎఫ్ఎస్‌టీ ఫైళ్లు అక్కడ పనికిరావు. ప్లగిన్ లోపలి బటన్‌తో సేవ్ చేసింది అయితే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఆ ప్లగిన్ తెరిస్తే దొరుకుతుంది. కాబట్టి ముందు లోపలిది. దాని వెనక ఈక్వలైజర్, డిలే, రివర్బ్ కలిపి ఒక గొలుసుగా చేసుకుంటే, అప్పుడు బయటిది కూడా. ఏబుల్‌టన్‌లో దాన్ని ర్యాక్ అంటారు, రీపర్‌లో ఎఫ్ఎక్స్ చైన్, లాజిక్‌లో ప్యాచ్.

సేవ్ అయిన ఫైళ్లు ఒక్కో ప్లగిన్‌వి ఒక్కో చోట ఉంటాయి. విండోస్‌లో చాలావరకు డాక్యుమెంట్స్ ఫోల్డర్ లోపలే. వీఎస్‌టీ3 ప్రీసెట్స్, ఎక్స్‌ఫర్, వైటల్, నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఇమేజ్-లైన్ అనే పేర్లతో వెతకండి. మ్యాక్‌లో యూజర్ లైబ్రరీలో ఆడియో, అందులో ప్రీసెట్స్. ఈ లైబ్రరీ ఫోల్డర్ మామూలుగా కనిపించదు, ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ కీ నొక్కితే కనిపిస్తుంది. లాజిక్ తనవి మ్యూజిక్ ఫోల్డర్‌లోని ఆడియో మ్యూజిక్ యాప్స్‌లో పెడుతుంది. రీపర్ వాడేవాళ్లు ఆప్షన్స్ మెనూలో రిసోర్స్ పాత్ నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తారు.

గమకం వేసేవాళ్లకి ప్రత్యేకంగా

ఇది ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో పెద్దగా కనిపించదు, ఎందుకంటే వాళ్లకి అంత అవసరం పడదు. పిచ్ బెండ్ వీల్‌తో గమకాలు వాయిస్తే, మిడీలో రికార్డ్ అయ్యేది 0 నుంచి 16,383 వరకు ఒక అంకె మాత్రమే. మధ్యలో 8,192. ఆ అంకె ఎన్ని సెమీటోన్లు అవుతుందో మిడీ క్లిప్‌కి తెలియదు. అది సింథ్‌లో ఉన్న బెండ్ రేంజ్ చెప్పాలి. వైటల్‌తో సహా చాలా సింథ్‌ల్లో ఆ రేంజ్ ప్రీసెట్‌లో భాగం.

చాలాచోట్ల మామూలు రేంజ్ 2 సెమీటోన్లు. అందులో వీల్‌ని పైకి సగం తోస్తే ఒక సెమీటోన్, అంటే శుద్ధ మధ్యమం నుంచి ప్రతి మధ్యమం. అదే క్లిప్‌ని 12 రేంజ్ ఉన్న ప్రీసెట్‌తో మోగిస్తే ఆ వంపు 6 సెమీటోన్లు ఎక్కి కాకలి నిషాదం మీద ఆగుతుంది. పాట విన్నవాడు పరుగో పరుగు! అందుకే సౌండ్ మార్చి చూసేటప్పుడు గమకం విరిగిపోతే వాయించింది తప్పు అనుకోకండి, ముందు బెండ్ రేంజ్ చూడండి. నేను ప్రీసెట్ పేరులోనే ఆ అంకె రాస్తాను.

పేర్లు ఎలా పెడతానో కూడా చెప్తా. ముందు సౌండ్ రకం, తర్వాత స్వభావం, తర్వాత బెండ్ రేంజ్. "లీడ్ నాసికం బెండ్12" టైపులో. పాట పేరు పెట్టను, ఎందుకంటే ఆరు నెలల తర్వాత ఆ పాట పేరే గుర్తుండదు. అక్షరాలు మాత్రం ఇంగ్లీషులోనే టైప్ చేస్తాను. తెలుగులో పెడదామని మనసుకి ఉన్నా, కొన్ని ప్లగిన్ల బ్రౌజర్లలో తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి. "ఫైనల్", "ఫైనల్ 2", "న్యూ ఫైనల్" పద్ధతి గురించి నేను మాట్లాడను, కాలేజ్ ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసిన ప్రతి ఒక్కరికీ ఆ బాధ తెలుసు.

ఫోన్‌లో పాటలు చేసేవాళ్లు

ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌లోనే బీట్స్ చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది. ఆండ్రాయిడ్‌లో ఒక విషయం గుర్తుంచుకోవాలి. యాప్ తన సొంత ఫోల్డర్‌లో పెట్టుకున్న ఫైళ్లు ఆ యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేయగానే పోతాయి. 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి వేరే యాప్‌లు ఆ ఫోల్డర్‌లోకి తొంగి చూడటం కూడా కష్టమైంది. కాబట్టి స్టోరేజ్ ఫుల్ అయిందని మ్యూజిక్ యాప్ తీసేసే ముందు, యాప్ లోపల ఉన్న ఎక్స్‌పోర్ట్ లేదా షేర్ బటన్‌తో ప్రాజెక్ట్‌లు, ప్రీసెట్లు గూగుల్ డ్రైవ్‌కి పంపండి. ఎక్స్‌పోర్ట్ బటన్ లేని యాప్ అయితే నేను సీరియస్ పనికి వాడమని చెప్పను, రివ్యూలో ఎన్ని స్టార్లున్నా సరే.

నా సెటప్

డీ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్. అందులో రెండు భాగాలు, ప్రీసెట్లు ఒకటి, సొంత శాంపిల్స్ ఒకటి. డాక్యుమెంట్స్‌లో ఉన్న ప్లగిన్ ఫోల్డర్లని ఇక్కడికి మార్చి, పాత చోట విండోస్ ఎంకేలింక్ కమాండ్‌తో జంక్షన్ పెట్టాను. ప్లగిన్‌కి ఏ తేడా తెలియదు, పాత అడ్రస్‌లోనే రాస్తున్నా అనుకుంటుంది. ప్రీసెట్ల భాగం గిట్‌లో ఉంటుంది. వైటల్ ఫైళ్లు టెక్స్ట్ కాబట్టి జేసన్ ఫార్మాటర్‌లో పెట్టి చూస్తే, నిన్నటికి ఇవాళ్టికి ఏ నాబ్ మారిందో కూడా తెలుస్తుంది. సీరమ్ లాంటి వాటికి అది కుదరదు, కానీ పాత కాపీ దొరుకుతుంది, అది చాలు. శాంపిల్స్‌ని గిట్‌లో పెట్టొద్దు. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ని తీసుకోదు, దాటకపోయినా అది ఆ పనికి పుట్టలేదు. అవి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, డ్రైవ్‌లో ఒక కాపీ. గూగుల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ కొన్న లైబ్రరీలకి సరిపోదు. అవి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కాబట్టి వాటిని వదిలేసి సొంతంగా రికార్డ్ చేసినవి మాత్రమే పెడతాను.

పాట పూర్తయ్యాక ప్రతి ట్రాక్‌నీ 24 బిట్ వేవ్‌గా విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేస్తాను, రివర్బ్‌తో ఒకసారి, రివర్బ్ లేకుండా ఒకసారి. ప్లగిన్ కంపెనీ మూతపడినా వేవ్ ఫైల్ మోగుతుంది. పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో ప్లగిన్ల పేర్లు, వెర్షన్లు, టెంపో, శృతి రాసి పెడతాను. హార్మోనియం లాంటివి 440కి సరిగ్గా ఉండవు కాబట్టి ఎన్ని సెంట్లు తేడా ఉందో కూడా.

బ్యాకప్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకటే పరీక్ష. ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, మీ ప్లగిన్లే ఉన్న ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో పాట తెరవండి. మీ దగ్గర ఎప్పుడూ కనిపించని మిస్సింగ్ మెసేజ్‌లు అక్కడ బయటపడతాయి. మా రూమ్మేట్ పోయిన నెల కొత్త హార్మోనియం ఫోల్డర్‌తో నా ల్యాప్‌టాప్‌లో ఇదే చేశాడు. 19 స్వరాలూ పలికాయి.